మా మండలంలో ఒంటరి క్రియల నిషేధం

"ఇకమీదట మన మండలంలో ఏ క్రియా ఒంటరిగా తిరగడానికి వీల్లేదు. ఇంగ్లీషు మాట్లాడితే ప్రతి క్రియ పక్కనా ఒక చిన్న మాట ఉండి తీరాల. ఇది తీర్మానం!"

మండల పరిషత్తు సర్వసభ్య సమావేశంలో అధ్యక్షులు మన్మథరావు గారు ఇలా ప్రకటించగానే సభ్యులంతా బల్లలు చరిచారు. ముందు బల్ల చరిచి తర్వాత అర్థం కనుక్కోవడం మా సభ సంప్రదాయం. చరచడం అయ్యాక అర్థం కోసం అందరూ నా వైపు తిరిగారు. నేను సభ్యుణ్ణి కాను. కాశీబుగ్గలో జీడిపప్పు దుకాణం మేడ మీద థేమ్స్ స్పోకెన్ ఇంగ్లీష్ నడిపే వైకుంఠరావుని. కింద పప్పు, పైన పప్పులో కాలు. దుకాణం వాళ్లు పప్పుని గుండు, బద్ద, ముక్క అని గ్రేడ్లు కడతారు. నా తల చూసి నన్ను ఏ గ్రేడులో వేశారో మీరే ఊహించుకోండి.

నేను లేచి ఫ్రేజల్ వెర్బు అంటే ఏమిటో వివరించాను. "గివ్ అంటే ఇవ్వడం. అప్ అంటే పైకి. రెండూ కలిస్తే పైకివ్వడం కాదు, వదులుకోవడం. అంటే, క్రియ ఒక్కటే ఉన్నప్పుడు అందరికీ అర్థమవుతుంది. పక్కన చిన్న మాట చేరిందా, అర్థం ఎటు పోతుందో ఎవరికీ తెలీదు."

ఇది సభ్యులకి వెంటనే ఎక్కింది. మన్మథరావు గారి పక్కన ఆయన అనుచరుడు కూర్మనాథం కూర్చుని ఉన్నాడు. మన్మథరావు గారు ఒంటరిగా ఉండి 'ఇస్తాను' అంటే ఇస్తానని అర్థం. పక్కన కూర్మనాథం ఉండగా 'ఇస్తాను' అంటే అర్థం వేరు. ఇన్నాళ్లూ మా మండలాన్ని పాలిస్తున్నది ఒక ఫ్రేజల్ వెర్బు అని ఆ రోజే తెలిసింది.

ఇంతకీ ఈ తీర్మానం ఎందుకొచ్చిందంటే, ఆ ఏడాది, అంటే రెండు వేల మూడులో, ఒక విదేశీ సంస్థ వారు ఉద్దానం తీరంలో ఏదో ఒక ఊరికి మంచినీళ్ల పథకం ఇస్తామన్నారు. వాళ్లది ఏ దేశమో చెప్పను. తలచుకుంటేనే చలేస్తుంది. ఊరు చూసి, నీళ్లు పరీక్ష చేసి, బాగులేవని తేలితే గొట్టాలు వేసి కొళాయిలిస్తారు. అంతకు ముందేడు ఇలాంటిదే పక్క మండలానికి పోయింది. ఎలా పోయిందని మన్మథరావు గారు ఆరా తీయిస్తే, అక్కడి అధ్యక్షుడు దొరలతో 'వి లుక్ ఫార్వర్డ్ టు యూ' అన్నాడని తేలింది.

"ఆ నాలుగు ముక్కలకే కొళాయిలిచ్చేసేరేటి?" అన్నారు మన్మథరావు గారు.

"ముక్కలు కావండీ, గుండు. దాన్ని ఫ్రేజల్ వెర్బంతారు," అన్నాడు కూర్మనాథం. నా క్లాసులో కొన్నాళ్లు కూర్చుని లేచిపోయిన విద్వాంసుడు.

"అయితే మనం ఓ బస్తాడు నేర్చుకుందాం."

అలా నేను ఆయనకి గురువునయ్యాను. పేరుకి మన్మథుడే గాని ఆయన బాణాలు పూలవి కావు, బూతులవి. అయినా గురువు మీద వేసేటప్పుడు మెత్తగా వేసేవారు.

మా మండలం నించి ఎంపికైన ఊరు జీడిపుట్టుగ. మా అత్తవారి ఊరు. చుట్టూ జీడితోటలు, కొబ్బరితోటలు, ఆ పక్కనే సముద్రం. ఆ ఊరి నీళ్ల గురించి అప్పటికి నేను సాధికారంగా చెప్పగలవాణ్ణి కాను. పెళ్లయి అన్నేళ్లయినా ఒక్క చుక్క తాగి ఎరగను. ఉప్పు కషాయమని, పప్పు ఉడకదని, టీ పెడితే పాలు విరిగిపోతాయని విన్నాను. నేను వెళ్లినప్పుడు మాత్రం పప్పు వెన్నలా ఉడికేది, టీ అమృతంలా ఉండేది. కారణం, ఆ ఊళ్లో ప్రతి ఇంటా రెండు కుండలుంటాయి. ఒకటి ఇంటివాళ్లది. రెండోది గది మూల పీట మీద, ఇత్తడి పళ్లెం మూతతో ఉంటుంది. దాని పేరు చుట్టాల కుండ. మందస వైపు ఎక్కడో ఉన్న తీపినీళ్ల బావి నుంచి సైకిలు మీద క్యాన్లతో తెచ్చి అది నింపుతారు. చుట్టం వస్తే అందులోంచి ముంచుతారు. ఇంటివాళ్లు జ్వరమొచ్చినా దాని జోలికి పోరు. చుట్టానికి ఊరి నీళ్లు పోసిన ఇల్లంటే ఆ ఊళ్లో ఇంక పిల్లనివ్వరు, పిల్లని తీసుకోరు.

మా ఇంట ఆ సైకిలు తొక్కేది మా మావయ్య గున్నయ్య. ఇసుక దారి. ఆయన మోకాళ్లు పనిచేయడం మానేసి చాలాకాలమైంది. సైకిలు మాత్రం ఇంకా మానలేదు.

నాకు గురుపీఠం దక్కిందని తెలిసి మా అత్త బొడ్డమ్మ, టీ గ్లాసు చేతికిస్తూ, "కొళాయొచ్చిందంటే మీ మావ సైకిలు దిగుతాడు అల్లుడుగోరూ. ఆ ఇంగిలీసేదో ఆ బాబుకి కాస్త సరీగ్గా నేర్పండి," అంది.

"నేను నేర్పితే తిరుగుంటుందా అత్తా!"

"అదే నా బయ్యం. మీరు నేర్పినోలెవులూ మల్లీ తిరిగి రానేదని మా రాజకుమారి సెప్పింది." రాజకుమారి నా భార్య. నా ట్యుటోరియల్ గురించి అత్తవారింటికి వార్తలు మోసే ప్రత్యేక విలేఖరి.

పాఠాలు మన్మథరావు గారి వరండాలో, ఆయన గెడ్డం గీయించుకునే వేళ మొదలయ్యాయి. నోరు తెరిస్తే కత్తి తెగుతుంది కనక ఆయన ఎదురు చెప్పని సమయం అదొక్కటే.

"మీకు ఇప్పటికే వచ్చిన ఫ్రేజల్ వెర్బు ఏదైనా ఉందా అండీ?" అన్నాను.

"గెటవుట్."

"నన్నాండీ?"

"కాదు మాస్టారూ, అదొచ్చు. బడిలో ఆ ఒక్కటే నాకు రోజూ సెప్పేవోరు."

ఇంత పునాది ఉన్న శిష్యుడు మళ్లీ దొరకడు. వరసగా చెప్పుకుపోయాను. "లుక్ ఆఫ్టర్."

"తెలిసింది. తర్వాత సూత్తాను అని. ఇరవై ఏళ్లుగా జనానికి అదే సెప్తన్నాను."

"కాదండీ. బాగోగులు చూసుకోవడం."

"అలాగా!" అని ఆయన చాలాసేపు విచారంలో పడ్డారు. తెలియక జరిగిన మేలేదైనా ఉందేమో అని వెతుక్కున్నట్టున్నారు.

"క్యారీ ఔట్."

"బయటికి మోసుకుపోవడం. శవాన్నా?"

"పథకాన్నండీ. అమలు చేయడం."

"రెండూ ఒకటే కదా మాస్టారూ," అన్నారు ఆయన. నేను రాసి పెట్టుకున్నాను. నిఘంటువులు దిద్దవలసిన సంగతి.

"గెట్ ఎవే విత్. అంటే తప్పు చేసి దొరక్కుండా తప్పించుకోవడం."

"దానికి మూడు మాటలు కావాలేటి వాళ్లకి? మనోళ్లు మాటే నేకుండా సేత్తన్నారు!"

"లుక్ ఇంటూ. పరిశీలించడం. ఫలానా విషయం లుక్ ఇంటూ చేస్తామంటే..."

"ఇంక దాని మొహం సూడం అని. అది నాకు నేర్పక్కర్నేదు."

గురువుగా నేను చేసిన కృషి అంతా ఇంతా కాదు. ఒకచోట మాత్రం ఇబ్బంది వచ్చింది. డౌన్, ఆఫ్, ఔట్ అన్నవి తన నోటంట రాకూడదని ఆయన ఆజ్ఞ. ఎన్నికల మనిషి. అశుభం పలక్కూడదు. ఆయన వరండాలో సిట్ డౌన్ కూడా నిషేధం కావడంతో నేను నెల రోజులు నిలబడే పాఠం చెప్పాను.

"కాని ఒక్కటి తప్పదండీ," అని బతిమాలాను. "రన్ ఔట్. అంటే అయిపోవడం. మా జీడిపుట్టుగలో ఎండాకాలం మంచినీళ్లు అయిపోతాయి. వి రన్ ఔట్ ఆఫ్ వాటర్. ఈ ఒక్క వాక్యం చెబితే చాలు, కొళాయి వచ్చినట్టే."

"నా నోటంట రన్నూ, ఔటూనా? ఆ వెధవ వింటే పండగ సేసుకోడూ!" ఆ వెధవ అంటే పక్క మండలాధ్యక్షుడు.

కూర్మనాథం ముందుకొచ్చాడు. "పోనీ ముందు నెవర్ తగిలించుకోండి. నెవర్ రన్ ఔట్. అప్పుడు శుభమే కదండీ."

"నెవర్ పెడితే అర్థం తిరగబడుతుంది!" అన్నాను.

"అర్థం తిరగబడితే తిరగబడనీ మాస్టారూ. ముందు శకునం నిలబడాల."

నేను ఇంకా గట్టిగా చెప్పేవాణ్ణే. కాని ఆ క్షణంలోనే ఆయన నన్ను 'మండల ఆంగ్ల సలహాదారు'గా నియమించారు. పదవి వచ్చిన వాడు మాట్లాడకూడదు కనక ఆ మర్యాద పాటించాను.

దొరలు రావడానికి వారం ముందు జీడిపుట్టుగ గోడలన్నీ వెల్ల వేయించారు. కుటుంబ నియంత్రణ బొమ్మల మీద ఇంటికొక ఫ్రేజల్ వెర్బు రాయించారు. పెంకుటింటి మీద గ్రో అప్, గొర్రెల దొడ్డి మీద గెట్ టుగెదర్, సారా అమ్మే ఇంటి గోడ మీద కట్ డౌన్. అదొక్కటీ అశుభమని తెల్లారే చెరిపించి చీర్ అప్ రాయించారు. ఎవరింటి మీద ఉన్నది వాళ్లు బట్టీ పట్టాలి, దొర కనపడగానే అనాలి. మా అత్తకి డ్రాప్ ఇన్ వచ్చింది.

"దీనర్దమేటి అల్లుడుగోరూ?"

"ఇలా వచ్చి పొమ్మని, అత్తా."

"వచ్చినోన్ని పొమ్మనడమేటి, తినీసి ఎల్లమనాల గాని! మీ బాసలో మర్యాద నేదు." తల అడ్డంగా ఊపి, చుట్టాల కుండ తోమడానికి వెళ్లింది. దొర వస్తున్నాడంటే మాటలా? కుండ మార్చింది, పళ్లెం చింతపండుతో మెరిపించింది. మావయ్య ఆ ముందురోజు మందస దారిలో రెండు ట్రిప్పులు తొక్కాడు. రెండోసారి తిరిగి వచ్చి, సైకిలు గోడకి ఆనించి, తను నేలకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"ఇదే ఆకరు, ఏటల్లుడా?" అన్నాడు.

"ఇదే ఆఖరు మావా," అన్నాను, ఆంగ్ల సలహాదారు హోదాలో.

దొర వచ్చాడు. పేరు హెన్రిక్. పొడుగ్గా, ఉడికించిన రొయ్య రంగులో ఉన్నాడు. జీపు దిగగానే ఊరు ఊరంతా ఎవరి ఇంటి గోడ వాళ్లు అరిచారు. గ్రో అప్, చీర్ అప్, గెట్ టుగెదర్ అని నలువైపులా వినబడుతుంటే ఆయన ఒక్కసారి మళ్లీ జీపెక్కబోయాడు. మన్మథరావు గారు దండ వేసి ఆపారు.

సభలు, బొండాలు అయ్యాక హెన్రిక్ చాలా సూటిగా ఒక చిన్న కోరిక కోరాడు. ఈ ఊళ్లో ఒక ఇంట్లో తాగే నీళ్లు చూడాలి, ఒక సీసాడు పట్టుకెళ్లి పరీక్ష చేయించాలి. అందరం మా అత్తవారింటికి నడిచాం. మా అత్త గుమ్మంలో నిలబడి, డ్రాప్ ఇన్ మరిచిపోయి, "రండి నాయినా, కూకోండి," అంది. సంజ్ఞతో సహా ఆయనకి అర్థమైపోయింది. ఇన్నాళ్లు నేను చెప్పిన పాఠాల్లో దొరకి తడుముకోకుండా అర్థమైనది అదొక్కటే. అది నేను చెప్పలేదు.

హెన్రిక్ వంటింటి గడప దగ్గరున్న కుండ చూశాడు. ఇంటివాళ్ల కుండ. సంచీలోంచి సీసా తీసి, మూత విప్పి, అందులో ముంచబోయాడు.

"ఓలమ్మో!" అని ఊరి ఆడవాళ్లంతా ఒక్కసారి నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. మా అత్త దొర చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేసింది.

"అయ్యయ్యో, అయి మా నీలు నాయినా! మీకు కాదు. ఇంటికొచ్చినోడికి ఆ నీలు పోత్తామేటి? ఇటు రండి." ఆయన్ని గది మూలకి తీసుకెళ్లి, ఇత్తడి పళ్లెం తీసి, చుట్టాల కుండలోంచి తన చేత్తో సీసా నింపి, మూత బిగించి, కొంగుతో తుడిచి ఇచ్చింది. గుమ్మం బయట అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఊరి పరువు నిలబడింది. నాకూ, అల్లుణ్ణి కదా, గర్వంగా అనిపించింది.

"ఆవిడ ఏమంటున్నారు?" అని హెన్రిక్ నన్ను ఇంగ్లీషులో అడిగాడు.

నేను మామూలు మాటల్లో చెప్పబోయాను. మన్మథరావు గారు నా మోచెయ్యి గిల్లారు. "మాస్టారూ! తీర్మానం! ఒంటరి క్రియ వద్దు!"

ఆలోచించి, "షీ లుక్స్ ఆఫ్టర్ యూ," అన్నాను.

దొర కళ్లు చెమర్చాయి. మా అత్తకి రెండు చేతులూ జోడించాడు. నా జీవితంలో ఇంత ధారాళంగా అనువాదం చేసింది లేదు.

తర్వాత ఆయన గ్లాసుతో అదే నీళ్లు తాగి, నాలుక చప్పరించి, మన్మథరావు గారి వైపు తిరిగి, "మీ ప్రజలు రోజూ తాగేది ఇలాంటి నీళ్లేనా? ఇబ్బంది లేదా?" అని అడిగాడు.

నెల రోజుల చదువు ఉప్పొంగడానికి అంతకంటే అదను ఉండదు. దొర ఇంగ్లీషులో ప్రాబ్లమ్ అన్న మాట ఒక్కటే విని, మండలం పరువు తీస్తున్నాడనుకుని, మన్మథరావు గారు ఛాతీ విరిచారు.

"నో సార్! వి గెట్ బై! వి కీప్ అప్! వి క్యారీ ఆన్!" ఒక్కొక్క ఫ్రేజల్ వెర్బుకీ కూర్మనాథం చప్పట్లు అందుకున్నాడు, వాకిట్లో జనం అందుకున్నారు. చప్పట్లు ఆగలేదు కనక ఆయనా ఆగలేదు. "వి నెవర్ రన్ ఔట్!"

హెన్రిక్ అంతా శ్రద్ధగా రాసుకున్నాడు. వెళ్లేటప్పుడు ఇంత చక్కని ఇంగ్లీషు ఈ తీరంలో వినలేదన్నాడు. ఆ రాత్రి పలాసలో మాకు విందు. గురువు గారికి కూర్చోవడానికి అనుమతి లభించింది.

నివేదిక వచ్చేసరికి వానలు వెనకబట్టాయి. మన్మథరావు గారి వరండాలో నేను చదువుతూ, తెలుగులో చెబుతూ వచ్చాను. గ్రామ నాయకుడి ఇంగ్లీషు ప్రశంసనీయం. పరీక్షలో నీళ్లు ఎంతో ఉన్నతంగా ఉన్నాయి. ఇబ్బంది ఏమీ లేదని, నీళ్లెప్పుడూ అయిపోవని నాయకుడే స్వయంగా చెప్పారు. కావున జీడిపుట్టుగ దరఖాస్తుని... ఇక్కడ కాగితం తిరగేశాను.

"సెప్పండి మాస్టారూ."

"టర్న్ డౌన్ చేశారండీ."

"అంటే?"

"అంటే... కాదన్నారు. కొళాయిలు లేవు."

మంగలి కత్తి ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు.

"డౌన్ వద్దన్నాను కదా!" అని మన్మథరావు గారు అరిచారు. "ఆలకెవడు నేర్పేడు?"

నేను తలొంచుకున్నాను. కూర్మనాథం మాత్రం తల పైకెత్తాడు. అందుకే అతను ఆయన పక్కనుంటాడు, నేను ఎదురుగా ఉంటాను.

"అధ్యక్షా, నీలు మంచివని కూడా రాసేరు కదండీ. ఉన్నతం అన్నారు. ఇదివరకు ఆ ఊరి నీలు ఉప్పు. ఇప్పుడు తీపి. మజ్జిలో అధ్యక్షుడెవరు?"

మన్మథరావు గారి మొహం సగం నురగతోనే వెలిగిపోయింది.

ఆ నెలలోనే జీడిపుట్టుగలో మహోత్సవం జరిగింది. ఊరి మొదట్లో బోర్డు: 'తీపినీళ్ల గ్రామం. అంతర్జాతీయ గుర్తింపు. ఆవిష్కర్త శ్రీ మన్మథరావు గారు'. టెక్కలి నించి విలేఖరులు వచ్చారు. నేను రాసిన ఉపన్యాసంలో ప్రతి క్రియ పక్కనా చిన్న మాట ఉంది. నా పక్కన మాత్రం ఎవరూ లేరు. రాజకుమారి కూడా ఆడవాళ్లలో కూర్చుని నన్ను ఎరగనట్టు చూస్తోంది.

బోర్డు మీద గుడ్డ లాగగానే ఒక విలేఖరి, "సార్, ఈ తీపినీళ్లు తాగుతూ ఒక ఫొటో," అన్నాడు.

"ఎందుకు తాగనూ! బొడ్డమ్మా, పట్రా!"

మా అత్త వెండి గ్లాసులో తెచ్చింది. వినయంగా వంగి ఇచ్చింది. మన్మథరావు గారు జనానికి ఎత్తి చూపించి, ఒక్కసారిగా సగం నోట్లో పోసుకున్నారు. అక్కడితో ఆగిపోయారు. బుగ్గలు నిండి ఉన్నాయి. కళ్లు రెండూ ముందుకొచ్చాయి. ఉమ్మడానికి ఆయన చుట్టూ ఎటు చూసినా కెమెరాలే.

"సార్, ఒక్కసారి నవ్వండి," అన్నాడు విలేఖరి.

నవ్వారు. మింగారు. పది పల్లెల ఓట్లు ఆ గొంతులోంచి దిగడం నేను కళ్లారా చూశాను.

"ఎలాగున్నాయి సార్ నీళ్లు?"

ఆయన చాలాసేపు నాలుక వెతుక్కుని, "ఈ విషయం నేను... లుక్ ఇంటూ సేత్తాను," అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. జీపు కదిలింది. ఉపన్యాసం నా చేతిలోనే ఉండిపోయింది.

అందరూ వెళ్లాక అత్తవారింటి అరుగు మీద కూర్చున్నాను. సైకిలు చూరుకి కట్టేసి ఉంది. మావయ్య దాని కిందే పడుకుని, కళ్లు మూసుకుని, నేను రావడం గమనించనట్టు గమనిస్తున్నాడు. గది మూల పీట ఖాళీగా ఉంది. ఇత్తడి పళ్లెం గోడకి ఆనించి ఉంది. చుట్టాల కుండ పెరట్లో బోర్లించి ఉంది, దాని మీద కోడి కూర్చుంది.

అత్త గ్లాసుతో వచ్చింది. వంటింటి గడప వైపు నించి.

"అత్తా, ఆ కుండ..."

"ఇంకెందుకు బాబూ అది? మా నీలే మంచియని ఆ దొరబాబు రాసేడంట గదా. మీరే సదివేరంట. తాగండి అల్లుడుగోరూ."

మావయ్య ఒక కన్ను తెరిచాడు. గుమ్మం లోపలినించి రాజకుమారి చూస్తోంది. తాగాను. ఒక్క చుక్క మిగల్చలేదు.

"ఎలాగున్నాయి?" అంది అత్త.

నేను మండల ఆంగ్ల సలహాదారుని. తేరుకుని, గొంతు సవరించుకుని చెప్పాను.

"రిపోర్టులో ఉన్నట్టే ఉన్నాయత్తా."

"అలాగా," అని అత్త గ్లాసు తీసుకుని వంటింటి గడప దాకా వెళ్లి, మళ్లీ నిండా ముంచుకొచ్చింది.